మల్లికి గుమ్మడికాయ బిళ్ళలు

తమ్ముడు రాఘవన్‌కు మీ అక్క జీవిత రాస్తున్నది. దీవెనలు. ట్రైనింగులో ఫోను ఇవ్వరన్నావని కార్డు రాస్తున్నాను. నీ కుక్క మల్లికి ఇప్పుడు నయమైంది, దిగులు పడకు.

నువ్వు వెళ్ళాక అది ఏది తిన్నా కక్కేసేది. పక్కటెముకలు తేలాయి. నాయన దాన్ని సేత్తూరు తోటాయనకు ఇచ్చేస్తానన్నాడు. డాక్టరు పాలు, బిస్కెట్లు మాన్పించమన్నారు. నేను గుమ్మడికాయ ఉడికించి మెదిపి, బియ్యప్పిండి కలిపి, ఉప్పూ నూనే లేకుండా పెనం మీద చిన్న బిళ్ళలు కాల్చాను. వాసన చూసి తల తిప్పుకుంది. అప్పుడు నాయన ఒకటి తుంచి తను నమిలి, "బాగానే ఉండాది, తినమ్మా" అంటూ కింద కూర్చుని చెయ్యి చాచాడు. ఆ చేతిలోది తింది, కక్కలేదు.

మర్నాడు తోటాయన ఆటో తెచ్చాడు. నాయన ఆయనకు కాఫీ ఇప్పించి, "కుక్కను ఇచ్చేది లేదప్పా. మా రాఘవన్ వచ్చి అడిగితే నేనేమి చెప్పేది?" అన్నాడు. నువ్వు వెళ్ళేముందు మీ ఇద్దరికీ జరిగిన గొడవ తర్వాత నాయన నీ పేరు పలకడం అదే మొదలు.

అక్కడి చపాతీలు నీకు పడుతున్నాయా? అమ్మ పంపిన పొడి అందిందా? అమ్మ ఆశీస్సులు. లీవు దొరికితే నేరుగా ఇంటికే రా. నాయన కోపానికి జంకి మామ ఇంట్లో దిగవద్దు.