మరియమ్మ చదివిన కీర్తన

12-6-2016, ఆదివారం, చీపురుపల్లి

తోటికోడలు మరియమ్మకి శుక్లం తీసి నెలయింది. కుట్టు లేకుండా, దూరానికీ దగ్గరికీ పనిచేసే మడిచి కంట్లోకి దూర్చే లెన్సు పెట్టి సాయంత్రానికే ఇంటికి పంపేశారు. పదిహేనేళ్ల కిందట నాకు లెన్సు పెట్టకుండా కుట్లు వేసి, నలభై రోజులు తలస్నానం వద్దన్నారు. ఈ సోడాబుడ్డి అద్దాలు ఇంకా మోస్తున్నాను.

దానికి చూపు లేనన్నాళ్లూ రోజూ కీర్తనలు చదివి వినిపించింది నేనే. ఇవాళ చర్చిలో పాస్టరుగారు నా బదులు దాన్ని చదవమన్నారు. అద్దాల్లేకుండా గడగడా చదివేసింది. నా కడుపు మండిపోయింది.

బయటికొచ్చాక చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "అక్కా, ఈ కీర్తనలో రెండు వచనాలు నువ్వెప్పుడూ సదవలేదేటి?"

నా కళ్లకి అక్షరాలు అలుక్కుపోయిన చోటల్లా దాటేస్తున్నానని ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. ఇప్పుడు దానికి తెలుసు.