పచ్చచుక్కలు సహజమే

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ, బావా, పాపా క్షేమమని మొదటి వాక్యంలోనే రాశావు గానీ, రెండో పేజీకి వచ్చేసరికి ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. ఎనిమిది రోజులుగా నీ ఉత్తరం జేబులోనే తిరుగుతోంది. జవాబు ఆలస్యమైంది పని ఒత్తిడి వల్ల కాదు.

ముందు నువ్వడిగినవి. దగ్గు తగ్గింది. గది మారాను. ఇప్పుడు రెండో అంతస్తు, కిటికీలోకి ఎండ వస్తుంది, ఉతికిన చొక్కా మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. వంట నేనే చేసుకుంటున్నాను. నీ అనుమానం నిజమే, ఇప్పటికీ ఉప్పు వేశానో లేదో మర్చిపోయి రెండోసారి వేస్తున్నాను. బావ అడిగిన కళ్లజోడు ఫ్రేము దొరికింది, ఈ పార్సిల్‌లోనే ఉంది. ఉద్యోగం పర్మనెంటు అయిందా అని అడిగావు. అయింది, పోయిన నెల పదో తారీఖున. ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఇరవై ఎనిమిదో తారీఖున పెళ్లికూతురి అలంకారం ఉంది, మా కంపెనీ క్రీము ఆరు డబ్బాలు పంపమన్నావు. పంపలేదు. నీ పార్లర్లో మిగిలిన రెండూ వాడకు. ఆ పిల్ల ముఖానికి అస్సలు రాయకు. వాటిని పారెయ్యొద్దు, మూతలు బిగించి ఓ సంచిలో కట్టి పక్కన పెట్టు. ఆ పని చేసి వచ్చి మిగతాది చదువు.

మా మిక్సింగ్ గది ఒకప్పుడు బేకరీ. గోడలకు తెల్ల పలకలు, మధ్యలో నడుములోతు స్టీలు గంగాళాలు నాలుగు. కలబంద గుజ్జు, నూనె, నీళ్లు, కాస్త సువాసన, అంతే సరుకు. పాడవకుండా కలిపే పదార్థాన్ని అక్కడ ‘మందు’ అంటారు. అది కలపరు. డబ్బా మీద పెద్దక్షరాలతో రాసింది కూడా అదే: ‘ఏ మందూ కలపలేదు.’ ఆ మాట అక్షరాలా నిజం. కొంప ముంచింది ఆ నిజమే.

కలిపిన క్రీము డబ్బాల్లోకి ఎక్కేలోపు నాలుగైదు రోజులు గంగాళంలో ఉంటుంది. మూడో రోజుకి పైన పొర కడుతుంది. బూడిదరంగు, అంచుల్లో పచ్చన, దగ్గరగా చూస్తే నూగు. తడిబట్టల మూట వారం తర్వాత విప్పిన వాసన. ఆ పొరను గరిటెతో తీసి బకెట్లో వేసి, కింద ఉన్నది బాగా తిప్పి డబ్బాల్లో నింపుతారు. ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘మీగడ తీయడం’. సూపర్‌వైజరు టీ తాగుతూ అడుగుతాడు, “మూడో గంగాళం మీగడ తీశారా లేదా?” అని. అది విన్న రోజు నుంచి నా టీలో పాలు లేవు.

గంగాళాలు తిప్పే పెద్దావిడను అందరూ గరిటమ్మ అంటారు. ఓ రోజు ఆవిడనే అడిగాను.

“అయితే కలబంద మంచిది కాదా అమ్మా?”

“కలబంద ఏం పాపం చేసింది బాబూ? నీళ్లున్న చోట బూజు పడుతుంది. తడిసిన రొట్టె మూటగట్టి పెట్టు, ఏమవుతుందో నీకే తెలుస్తుంది.”

“మరి మందు కాస్త వెయ్యొచ్చుగా?”

“చిటికెడు చాలు. కానీ వేస్తే డబ్బా మీద రాసుకున్న గొప్ప ఏమైపోవాలి?”

“మీరు రాసుకుంటారా ఇది?”

“నా ముఖానికా? గిన్నెలు తోముకోడానికి కూడా పట్టుకెళ్లను.”

ఇక నీ రెండో పేజీ. నువ్వు రాసింది నీ మాటల్లోనే మళ్లీ రాస్తున్నాను, నేను తప్పించుకోకుండా ఉండటానికి. ‘టీచరమ్మ బుగ్గల మీద చీముపొక్కులు లేచాయి. పదకొండేళ్లుగా నా దగ్గరికే వచ్చే మనిషి. అందరి ముందూ, నీ చేతులు శుభ్రంగా ఉండవమ్మా అనేసి వెళ్లిపోయింది. డబ్బాను అనుమానించాను గానీ, పచ్చచుక్కలు సహజమేనని దాని మీదే రాశారు. తప్పు నా తువ్వాళ్లదే అయ్యుంటుంది. నువ్వు చెప్పినట్టే రెండుసార్లు మరిగిస్తున్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి.’

ఇది చదివిన మర్నాడు మూడు డబ్బాలు కొని బయటి ల్యాబుకిచ్చాను. మూడూ సీలు తీయనివే. మూడింటిలోనూ బూజు ఉంది, బాక్టీరియా ఉంది. రిపోర్టు ఇచ్చిన అమ్మాయి, “ఇది ముఖానికి రాసుకునేదా అండీ, పుట్టగొడుగులు పెంచుకునేదా?” అంది. నకలు ఇందులో పెట్టాను. రిపోర్టు నాలుగో రోజుకే వచ్చింది. మిగతా నాలుగు రోజులు ఈ ఉత్తరానికి ధైర్యం చాలక పట్టాయి.

నిన్న ఆ కాగితం మా కంపెనీ ఓనరు మేడమ్ బల్ల మీద పెట్టాను. చదివింది. చేతికి ఏదో అంటినట్టు పక్కకు జరిపింది.

“బూజు మాత్రం సహజం కాదా ఏంటయ్యా?”

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

“జనం ముఖాల మీద పొక్కులు లేస్తున్నాయి మేడమ్.”

“లోపలి విషం బయటికొస్తోందని రాయి. చుక్కల గురించి అంత బాగా రాసినవాడివి, పొక్కుల గురించి రాయలేవా?”

అక్కా, అదీ సంగతి. ప్యాకింగులో పనిచేస్తున్నానని నీకు చెప్పాను. డబ్బా నింపే పని కాదు నాది, డబ్బా మీద అక్షరాలు నావి. చుక్కల గురించి ఒక్క నెలలో నలభై ఒక్క ఫిర్యాదులు వస్తే, పేపర్లో పనిచేసొచ్చావు కదా, జనం నమ్మేలా ఓ ముక్క రాయమంది మేడమ్. చుక్కలేంటని గరిటమ్మనడిగాను. “మీగడ కిందికి దిగింది బాబూ” అని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. తెలిసి, కూర్చుని రాశాను: ‘పచ్చచుక్కలు కనిపిస్తే కంగారు పడకండి. అవి ఆకు సారం. సహజమే.’ మర్నెల ఫిర్యాదులు ఆరు. అందుకే పర్మనెంటు చేశారు.

చేరిన కొత్తల్లో, ఏమీ తెలియక, రెండు డబ్బాలు గర్వంగా నీకు పంపింది నేనే. ఆ తర్వాత తమ్ముడి కంపెనీ అని నువ్వే కొనుక్కున్నావు. ‘టీచరమ్మకు బుగ్గలు మండుతున్నాయట, ఈ చుక్కలేంట్రా చిన్నోడా?’ అని పోయిన నెల అడిగావు. అప్పటికి నాకంతా తెలుసు. అయినా తువ్వాళ్లు బాగా మరిగించమని రాశాను. నా ఉద్యోగం నిలవడానికి నీ చేతులు మురికివని నిన్నే నమ్మించాను.

పర్మనెంటు ఉద్యోగం ముప్ఫై ఏడు రోజులు నిలిచింది. మందు కలపని సరుకు కదా. రాజీనామా ఇచ్చి, రిపోర్టు ఇంకో నకలు తనిఖీ ఆఫీసుకు పంపాను. నా గురించి బెంగపడకు, పాత ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని అడిగాను.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఆ రెండు డబ్బాలూ, రిపోర్టూ తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లు. చర్మం డాక్టరుకు అవి చూపించమని చెప్పు. కోప్పడితే పడనీ. కింది నాలుగు ముక్కలూ కత్తిరించి మీ పార్లర్లో పెద్దద్దం పక్కన, అందరికీ కనిపించేలా అంటించు:

‘ఇక్కడ వాడిన క్రీములో బూజు ఉంది. డబ్బా మీద అది సహజమేనని అబద్ధం రాసింది ఈవిడ తమ్ముణ్ణి, నేనే. ఈవిడ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. తువ్వాళ్లు కూడా.’

వేళ్లకు నీళ్లు తగలనివ్వకు. తువ్వాళ్లు ఒక్కసారి ఉడికిస్తే చాలు.

ఇట్లు,
ఆ ముక్క రాసినవాడు,
నీ తమ్ముడు