సబ్బు నురగలో బుడగ

నాయనా,

సిటీ డిపోలో పని మాని ఎమ్మిగనూరు వచ్చేయమన్నావు. గ్యాస్‌తో నడిచే బస్సులని భయపడకు, నేను క్షేమం. ఫోనులో నువ్వు వినవు కాబట్టి ఈ కార్డు. పక్కింటి తస్లీమక్కతో చదివించుకో.

నిన్న ఒక బస్సు కింద గ్యాస్ వాసన వస్తే పైపు అతుకు మీద సబ్బు నురగ పూశాను. గ్యాస్ కారుతుంటే బుడగ లేవాలి, కానీ రాలేదు.

"బుడగలాట చాలమ్మా, ట్రిప్పు టైమైంది!" అన్నాడు డ్రైవరు.

"రోంత ఆగన్నా" అని, నువ్వు పంక్చరు ట్యూబును నీళ్లలో ఓపిగ్గా తిప్పి చూసినట్టే అతుకు అడుగున కూడా పూశాను. సన్నగా బుడగ లేచింది. బస్సు ఆపేశారు. ఎవరు నేర్పించారని మెకానిక్ సారు అడిగితే, "మా నాయన సార్, బస్టాండు కాడ పంక్చర్లు ఏస్తాడు" అన్నాను.

అమ్మ మోకాలి నొప్పి ఎట్లుంది? శెనక్కాయల పొడి పంపమను. మీ ఇద్దరి చలవే ఈ ఉద్యోగం. నన్ను రమ్మనకు నాయనా, నువ్వే ఒకసారి వచ్చి నేను బాగుచేసిన బస్సెక్కు.

నీ కూతురు
నాగవేణి