డిఫరెన్షియల్‌లో ముద్ద గ్రీజు

అమ్మా రత్నం,

అనంతగిరి ఘాటులో లారీ ఆగిపోయిందని కబురొస్తే బాగుచెయ్యడానికి వెళ్తున్నాను. అంబలి తాగు. మీ మావయ్య ఓడలో తెచ్చిన రిమోటు కారు బల్ల మీద ఉంది. బురదలో ఒక చక్రమే తిరిగి రెండోది కదలట్లేదన్నావుగా, రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్‌లో ముద్ద గ్రీజు కూరాను. ఇప్పుడు రెండూ లాగుతాయి. మలుపులో మాత్రం బండి తిన్నగా పోవాలని చూస్తుంది, రేపు పందెంలో ముందే వేగం తగ్గించు.

నిన్న "బొమ్మకారుకి ఇంత సేత్తన్నావు, అమ్మకేటి సేసినావు?" అన్నావు.

మీ అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే మన జీపూ ఇలాగే ఒక చక్రమే తిరిగి బురదలో దిగబడింది. వానలో గంటసేపు తోశాను, కదల్లేదు. అమ్మ అక్కడే పోయింది. పోయేముందు నాతో, "బండి ఆగిపోనాదని మన గుంటకి సెప్పకు. నిన్ను తిట్టుకుంటాది" అంది.

అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు తల్లీ.

నాన్న