గాలిలో నిలబడిన డేగ

మాలతమ్మా, కుప్పం క్వారీలో నాన్న కులాసా. హాస్టల్లో ఫోన్ ఇవ్వరని కార్డు రాస్తున్నాను.

మొన్న మిట్టమధ్యాహ్నం ఆకాశంలో ఏదో కదలకుండా నిలబడింది. "గనులాఫీసోళ్ల సర్వే డ్రోను వచ్చిండాది, మిషన్లు ఆపండప్పా!" అని మేస్త్రి మునిరాజు అరిచాడు. పని ఆగింది. నేను పరీక్షగా చూశాను. బూడిదరంగు తల, ఇటుకరంగు వీపు, విసనకర్రలా విప్పిన తోక. నువ్వు వదిలిపోయిన పక్షుల పుస్తకంలోని తొండలడేగే! అది బండమీద వాలి తొండను ఎత్తుకుపోయాక అందరూ నవ్వారు.

నీ దగ్గు తగ్గిందా? మదనపల్లె చలికి స్వెటర్ వేసుకో.

ఈరోజు సెలవు, కాపలాకు నేనొక్కణ్ణే. డేగ మళ్లీ వచ్చింది. పక్కన ఎవరూ లేరని మరిచి, "సూడు మాలతమ్మా!" అని గట్టిగా పిలిచేశాను. అది బెదిరి ఎగిరిపోయింది.

పుస్తకం ఇంకొన్నాళ్లు నా దగ్గరే ఉండనీ తల్లీ. చల్లగా ఉండు.

నాన్న గంగులప్ప