రోజా లిండావర్ అలమారా

కీ.శే. డీటర్ హోఫ్‌మన్ భార్యను, కాకినాడలో పుట్టి, జర్మనీలో ఎర్లాంగెన్ దాపునున్న ఈ చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళకు పైగా కాపురముంటున్న అలివేలుమంగ అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు చేత రాయించి జతచేశాను. లేకపోతే మా మరిది గుంటర్ ఏమంటాడో నాకు తెలుసు. అతను ముందే చదవకూడదనే తెలుగులో రాస్తున్నాను.

1. ఇల్లు, కింద చెప్పినవి తప్ప అందులోని సామాను, మా అమ్మాయి మనోజ్ఞకు. వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. పట్టుచీరలు కట్టకపోయినా అప్పుడప్పుడూ మడత మార్చాలి.

2. ఆదివారాలు పప్పన్నానికి వచ్చే విద్యార్థిని భావనకు నా కుక్కర్. గాస్కెట్ కొత్తదే.

3. హాల్లోని వాల్‌నట్ అలమారా నాది కాదు. దాన్ని సొంతదారుకు అప్పగిస్తున్నాను.

అది తన తండ్రి చేయించాడని మా అత్తగారు హెడ్విగ్ అనేది. ఏ వడ్రంగి చేశాడంటే మాట మార్చేది. చివరి రోజుల్లో ఓ మధ్యాహ్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "రోజా తలుపు కొడుతోంది. తియ్యకు. అలమారా అడుగుతుంది" అంది. గుంటర్‌ను అడిగితే, "అమ్మకు మతి పోయింది, పట్టించుకోకు" అన్నాడు. అంత తొందరగా అనేసరికే నాకు అనుమానం వచ్చింది.

ఊరి స్మారకశిల మీద ఆ పేరు దొరికింది. రోజా లిండావర్, భర్త, ఇద్దరు కొడుకులు. 1942 వసంతంలో ఈ ఊళ్ళో మిగిలిన యూదులందరినీ రైలెక్కించి, పోలండ్ తీసుకెళ్ళి చంపేశారు. వాళ్ళ సామాను బడి ఆవరణలో వేలం వేశారు. పాడుకున్నది ఇరుగుపొరుగే.

అంతకుముందే ఇంగ్లండు పంపేసిన రోజా కూతురొక్కతే బతికింది. ఆమె కూతురు మిరియంను వెతికి, నిరుడు పిలిపించాను. "రెండుసార్లు తిప్పితేగాని తాళం పడదనేది మా అమ్మ" అంటూ తాళంచెవి తిప్పింది. రెండోసారికే పడింది. మిరియం అక్కడే కూలబడి ఏడ్చింది. "పాత అలమారాలన్నీ అంతే" అన్నాడు గుంటర్.

తన ఫ్లాటులో ఇప్పుడు చోటు లేదని మిరియం కొన్నాళ్ళు ఉంచమంది. ఈలోగా నేను పోతే, గుంటర్ ఏం చెప్పినా వినకుండా మనోజ్ఞ దాన్ని వెంటనే లీడ్స్‌లో ఉన్న మిరియంకు పంపాలి. తాళంచెవి ఇప్పటికే ఆమెకు ఇచ్చేశాను.

4. గుంటర్‌కు మావారి చేపల గాలాలు. అవి గరాజ్‌లో ఉన్నాయి. హాల్లోకి రానక్కరలేదు.

సాక్షి సంతకానికి మొదట పక్కింటి ఇల్జేను పిలిచాను. మూడో అంశం జర్మన్‌లో చెప్పగానే పెన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వాళ్ళింట్లో ఉన్న గోడగడియారం ఎవరిదో నేనింకా అడగలేదు. అడుగుతాను.

14 అక్టోబర్ 2025
(సంతకం) అలివేలుమంగ హోఫ్‌మన్

సాక్షులు: సాయి తేజ, కావ్యశ్రీ. ఇద్దరూ ఎర్లాంగెన్‌లో విద్యార్థులు, ఈ ఊరివాళ్ళు కారు.