దిబ్బ పెరగాలంటే కూలవలసిన ఇల్లు

టేడెన్‌హోల్మ్ దీవి వాసిని, ఎనభై మూడేళ్ల గొండెల్ పీటర్సన్ అనే నేను, ముప్పై తొమ్మిదేళ్లు ఈ దీవి బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నా మతి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతిరాతతో ఈ వీలునామా రాస్తున్నాను. మతి సంగతి అనుమానం ఉన్నవారు ఈ ఏడాది ఏ తేదీకైనా పోటు వేళ అడగవచ్చు, పట్టిక చూడకుండా చెబుతాను. ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలూ రద్దు. అమలు బాధ్యత పాస్టరు ఫ్రాకె లోరెన్సెన్‌ది.

1. నా అరవై నోటుపుస్తకాలూ బడికి చెందుతాయి. ఏడాదికొక పుస్తకం. ప్రతి దానిలో రెండే లెక్కలు: ఆ ఏడు సముద్రం మేతబీళ్లన్నీ ముంచి మన ఇళ్లున్న మట్టిదిబ్బలను మాత్రమే మిగిల్చింది ఎన్నిసార్లు, ఆ వేళ దిబ్బల మీద ఉన్నది ఎంతమంది. మొదటి పదేళ్లలో ఏడాదికి సగటున పన్నెండుసార్లు, యాభై ఎనిమిది మంది. ఈ పదేళ్లలో ఇరవై ఏడుసార్లు, ఇరవై నాలుగు మంది. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి, సముద్రమే మనుషుల్ని తరిమిందని పిల్లలకు నేర్పవద్దు. నా కాలంలో నీళ్లు ఒక్కరినీ తీసుకుపోలేదు. కాన్పుకు రెండు వారాల ముందే ఆడవాళ్లు అవతలి ఒడ్డుకు వెళ్లాలి. పెద్ద చదువుకు పిల్లలు వెళ్లాలి. వెళ్లినవాళ్లకు తిరిగి రావడానికి కారణం చూపించలేకపోయింది మనం. కారణం దొరికినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు కూడా.

2. నా పండగ దుస్తుల వెండి గుండీలు పన్నెండు. మునిమనవరాళ్లు ఎలెన్‌కు ఆరు, సెనాయిత్‌కు ఆరు. ఎలెన్ పెద్దదాన్నని ఏడు అడుగుతుంది. ఇవ్వకూడదు.

3. పక్కింటి నా తమ్ముడు నొమ్మెన్ మోమ్సెన్‌కు నా రబ్బరు బూట్లు. అతనివి ఇరవై ఆరేళ్లుగా కారుతున్నాయి. "ఎలాగూ వెళ్లిపోయేవాణ్ణి, కొత్తవెందుకక్కా" అంటూ అన్నేళ్లూ ఇక్కడే తిరిగాడు.

4. దీవి టెలిఫోను జాబితా, దానితో వచ్చే పనీ నా మనవరాలు వీబ్కె భర్త యోనాస్‌కు. నీళ్లు పైకి రాగానే ప్రతి దిబ్బకూ ఫోను చేసి "ఎంతమంది?" అని అడిగి, మొత్తం అవతలి ఒడ్డుకు చెప్పడం మా ఆచారం. ఆ పని నేను అరవై ఏళ్లు చేశాను. ఒక్కసారి తప్పాను. 2013 డిసెంబరు తుఫానుకు ఇరవై ఆరు మంది, అందరూ క్షేమం అని చెప్పేశాను. తీరపు గట్టుకు రాళ్లు పేర్చడానికి ఎరిట్రియా నుంచి వచ్చిన కుర్రవాడు ఏ దిబ్బకూ చెందడు కనుక ఏ దిబ్బవాళ్లూ అతన్ని చెప్పలేదు, నేనూ అడగలేదు. అతను ఆ వేళ నడుము లోతు నీళ్లలో నా గొర్రెలను తోలుకొస్తున్నాడు. గుమ్మంలో నిలబడి వణుకుతూ అన్నాడు: "టీచరుగారూ, మీ గొర్రెలు నలభై రెండూ వచ్చేశాయి. నన్ను లెక్కలో వేశారా?" పుస్తకంలో ఇరవై ఆరు కొట్టేసి ఇరవై ఏడు రాశాను. ఆ ఇరవై ఏడోవాడే యోనాస్. అరవై పుస్తకాల్లో కొట్టివేత అదొక్కటే. దాన్ని ఎవరూ చెరపకూడదు.

5. నా ఇల్లు, గొర్రెలు, మేతబీడు వీబ్కె, యోనాస్‌లకు సమానంగా. వాళ్లిద్దరూ గట్టు మరమ్మతు పనివాళ్లు. వాళ్ల పిల్లలు ఎలెన్, సెనాయిత్‌లు, పాస్టరుగారి కొడుకు కలిస్తేనే ఈ రోజున మన బడి. ఇల్లు సెలవుల అతిథులకు అద్దెకివ్వరాదు. మా దిబ్బ మీద ఉన్నవి రెండే ఇళ్లు. ఏడాది పొడవునా రెండు కుటుంబాలు ఉంటామని డిసెంబరు ఆఖరులోగా రాసిస్తేనే దిబ్బను మీటరున్నర ఎత్తు పెంచుతామని తీరరక్షణ కార్యాలయం షరతు. అక్కడి అధికారి, నా మనవడి వయసువాడు, "ఇరవై నాలుగు మందికి ఇంత మట్టా, అవ్వగారూ?" అన్నాడు. "అలలు ముందు మా మీద విరుగుతున్నాయి కనుక మీ ఆఫీసు పొడిగా ఉంది నాయనా. మేం లేచిపోతే మా రాళ్లు ఎవరు పేరుస్తారు, నువ్వా?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ గర్వపడుతున్నాను.

మొదటి కుటుంబం వీబ్కెది. రెండోది నొమ్మెన్‌ది. అతను ఇల్లు అమ్ముతానంటున్నాడు. "ముప్పై ఏళ్లకు ఇక్కడ సీల్ జంతువులు కాపురముంటాయి, వాటికా అక్కా దిబ్బ కట్టేది?" అని నవ్వాడు. వీబ్కె ఊరుకుంటుందా, "అవైనా కాపురముంటాయి, నువ్వే ఉండేట్టు లేవు తాతయ్యా" అంది. అతను టీ తాగకుండా లేచి వెళ్లాడు.

6. దిబ్బ ఎత్తు పెంచాలంటే దాని మీది ఇళ్లు కూల్చాలి. నా తాత కట్టిన ఈ ఇంటిని కూల్చడానికే ఇస్తున్నాను. కిటికీలకు ముద్దులు పెట్టడం, ఇటుకలు గుర్తుగా దాచుకోవడం చేయరాదు. కొత్త ఇంట్లో, నీళ్లు లోపలికొస్తే తలదాచుకునే తుఫాను గది ఎనిమిది మందికి తగ్గకుండా కట్టాలి. ఇప్పుడున్నది నలుగురే అని ఎవరైనా అంటే, నేను లెక్కల టీచర్నని చెప్పండి. కూల్చే రోజున బడికి సెలవు ఇవ్వరాదు.

7. చేతిరాత వీలునామాకు సాక్షులు అక్కర్లేదని మా చట్టం. అయినా ఇద్దరికి చోటు వదిలాను. రెండో చోటు నొమ్మెన్‌ది. అతను సంతకం పెడితే ఉంటాడని అర్థం. పెట్టకపోతే ఖాళీ అలాగే వదిలేయండి, బతిమాలవద్దు.

టేడెన్‌హోల్మ్, 14 అక్టోబరు 2024

(సం.) గొండెల్ పీటర్సన్

సాక్షులు:
1. (సం.) కెటెల్ హాన్సెన్, పోస్టు పడవ నడిపేవాడు
2. (సం.) నొమ్మెన్ మోమ్సెన్, ఈ దిబ్బ, రెండో ఇల్లు